చదువు చెప్పరు, శిక్ష మాత్రం వేస్తారు

2019 మార్చి 6, బుధవారం. నాంపల్లి పట్టణ ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లలకు పెంటావాలెంట్ టీకా వేశారు. రాత్రికి జ్వరం వస్తే వేయమని తల్లుల చేతుల్లో గోలీలు పెట్టి పంపారు. ఇవ్వాల్సింది పారాసిటమాల్. ఇచ్చింది ట్రమడాల్. అది నల్లమందు జాతి నొప్పి మందు. పెద్దవాళ్లకు కూడా లెక్క చూసి, జాగ్రత్త చెప్పి ఇస్తారు. పసిబిడ్డ ఒంట్లోకి వెళ్తే మత్తు కమ్ముతుంది, ఊపిరి మందగిస్తుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు నొప్పి కోసం దీన్ని వాడకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే తేల్చి చెప్పింది. ఎంత పిలిచినా కళ్లు తెరవని బిడ్డలను ఎత్తుకుని తల్లిదండ్రులు నీలోఫర్ ఆసుపత్రికి పరుగెత్తారు. ఆ బిడ్డల్లో కొందరు మళ్లీ ఇంటికి రాలేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలుసు. విచారణ జరిపారు, సిబ్బంది మీద చర్యలు తీసుకున్నారు, టీవీల్లో రెండు రోజులు గొంతులు చించుకున్నారు. నిర్లక్ష్యం అన్న ఒక్క మాట దగ్గర మన చర్చ ఆగిపోయింది. నిర్లక్ష్యం జరగలేదని నేను అనడం లేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి ఎవరూ ఆ మాట అనలేరు. కానీ అడగాల్సిన ప్రశ్నలను మనం అడగనే లేదు. ట్రమడాల్ లాంటి మందు టీకాల బల్ల దగ్గరికి ఎలా చేరింది? అట్ట మీద పేరు పైకి చదివి, పక్కనున్న మనిషికి చూపించి, ఆ తర్వాతే తల్లి చేతికి ఇవ్వాలన్న పద్ధతిని ఆ సిబ్బంది చేత ఎన్నిసార్లు సాధన చేయించారు? బిడ్డ మత్తులోకి జారుతుంటే ఏ గుర్తులు కనిపిస్తాయో, ఆ మొదటి గంటలో ఏం చేయాలో వాళ్లకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? ఏ సంవత్సరంలో, ఏ తేదీన చెప్పారు?

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ నగరంలో, ముఖ్యంగా మూసీకి దక్షిణాన ఉన్న పాతబస్తీలో, అట్టడుగున పనిచేసే ఆరోగ్య సిబ్బందికి చదువు చెప్పడాన్ని ప్రభుత్వం తన బాధ్యతగా ఏనాడూ తీసుకోలేదు. కొత్త కార్యక్రమం వచ్చినప్పుడు ఒక పూట కూర్చోబెడుతుంది. ప్రాణాలు పోయినప్పుడు ఒక సర్క్యులర్ పంపుతుంది. ఈ రెంటికీ మధ్యనున్న ఏళ్లలో వాళ్లు ఏం మరిచిపోయారో, ఏం తప్పుగా నేర్చుకున్నారో, వైద్యంలో ఏం మారిందో ఆరా తీసే దిక్కు లేదు. ఇది ఘోరం. దీనికి మూల్యం చెల్లిస్తున్నది తలాబ్‌కట్ట, ఈదీబజార్, వట్టేపల్లి, హఫీజ్‌బాబానగర్ గల్లీల్లోని తల్లులూ బిడ్డలూ.

నగరం దాటినా ఇదే కథ. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో కుటుంబ నియంత్రణ శిబిరం పెట్టారు. ఒక్కరోజులో 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు స్త్రీలు చనిపోయారు. పరికరాల శుభ్రత, ఇన్ఫెక్షన్ రాకుండా తీసుకోవాల్సిన జాగ్రత్తల గురించి ఆ తర్వాతే రాష్ట్రమంతా గట్టిగా మాట్లాడింది. చేతులు ఎలా కడుక్కోవాలో, పరికరాలను ఎలా క్రిమిరహితం చేయాలో గుర్తు చేయడానికి నలుగురు ఆడవాళ్ల ప్రాణాలు పోవాలా?

పాతబస్తీలో వైద్యం అనగానే అందరి నోటా ఉస్మానియా పేరే వస్తుంది. లేదంటే పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రి. ఉస్మానియా పాత కట్టడాన్ని కూల్చాలా నిలపాలా అని ఏళ్ల తరబడి వాదించుకున్నాం. ఆ వాదన అవసరమే. అయితే రోగి ఉస్మానియా మెట్లెక్కే లోపు ఇంకెన్నో గడపలు దాటుతాడు. మొదటి గడప ఆశా కార్యకర్త. ఆ తర్వాత టీకాలు వేసే ఏఎన్ఎం. ఆ తర్వాత 2018 ఏప్రిల్‌లో మొదలైన బస్తీ దవాఖానా, అందులో ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకురాలు. ఆ పైన, జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ లెక్క ప్రకారం 50 వేల జనాభాకు ఒకటి చొప్పున ఉండాల్సిన పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. బీపీ ముదిరి పక్షవాతం వచ్చాక ఉస్మానియా చేయగలిగింది కొంతే. ఆ బీపీని పదేళ్ల ముందు పట్టుకోవాల్సింది ఈ గడపల దగ్గరే. ఇక్కడి మనిషి చేతిలో నైపుణ్యం లేకపోతే పైన ఎన్ని అంతస్తులు లేపినా వార్డులు నిండుతూనే ఉంటాయి.

ఇక నిబంధనలు చూడండి. డాక్టర్లు ఐదేళ్లకు 30 గంటలు వైద్య విద్యా సదస్సుల్లో పాల్గొనాలని మెడికల్ కౌన్సిల్ 2002 నాటి నియమావళిలోనే రాసింది. నర్సులు రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవడానికి ఐదేళ్లలో 150 గంటలు చదవాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెబుతోంది. ఆశాకు మొదట 23 రోజుల శిక్షణ, ఆ తర్వాత ఆరు, ఏడు మాడ్యూళ్లకు నాలుగు విడతల్లో 20 రోజులు, ఆపైన ఏటా 15 రోజుల పునశ్చరణ ఇవ్వాలన్నది కేంద్రం మార్గదర్శకం. కాగితం మీద ఎక్కడా లోటు లేదు. మరి ఆ గంటలు ఎవరికి దక్కుతున్నాయి? కార్పొరేట్ ఆసుపత్రి స్పెషలిస్టుకు స్టార్ హోటల్లో, ఏసీ హాల్లో, మందుల కంపెనీ ఖర్చుతో ఆదివారం సదస్సు జరుగుతుంది. భోజనంతో పాటు క్రెడిట్ గంటలూ దొరుకుతాయి. బస్తీ దవాఖానాలో కాంట్రాక్టు మీద పనిచేసే కుర్ర డాక్టరు సెలవు పెడితే దవాఖానా మూతపడుతుంది. అతని బదులు కూర్చోవడానికి ఇంకొకరు లేరు. నర్సు 150 గంటలు తెచ్చుకోవాలంటే సొంత డబ్బు, సొంత సెలవు పెట్టుకోవాలి. ఆశాకైతే ఒకరోజు తరగతిలో కూర్చుంటే ఆ రోజు తిరగాల్సిన ఇళ్లు మిగిలిపోతాయి, ఆ ఇళ్ల మీద వచ్చే పారితోషికమూ ఆలస్యమవుతుంది. ఎక్కువ జీతమున్నవాడికి చదువు ఉచితం, పారితోషికం మీద బతికే మనిషికి చదువు నష్టం. ఈ లెక్క రాసినవాళ్లు ఒక్కసారైనా సిగ్గుపడాలి.

ఆ కాస్త శిక్షణైనా ఎలా జరుగుతుందో చెబుతాను. ఢిల్లీలో తయారైన పాఠం రాష్ట్రానికి వస్తుంది. రాష్ట్రంలో కొందరు శిక్షకులకు ఐదు రోజులు చెబుతారు. వాళ్లు జిల్లాలో రెండు రోజుల్లో చెబుతారు. జిల్లాలో విన్న సూపర్‌వైజర్ ఆరోగ్య కేంద్రంలో రెండు గంటల్లో ముగిస్తుంది. మెట్టు దిగిన కొద్దీ పాఠం పలచబడుతుంది, చివరి మెట్టు మీద నిలబడిన ఆశాకు చేరేది నాలుగు స్లైడ్లు. గదిలో ముప్పై మంది ఉంటారు, ఫ్యాను ఒకటే తిరుగుతుంది. రిజిస్టర్‌లో సంతకాలవుతాయి. బ్యానర్ పట్టుకుని గ్రూప్ ఫొటో దిగుతారు. ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులో పడగానే జిల్లా నివేదికలో శిక్షణ నూరు శాతం పూర్తవుతుంది. ఎవరికి ఏం వచ్చిందని పరీక్షించే మనిషి ఉండదు. ఈ మధ్య ఆ ఫొటో కూడా అక్కర్లేదు. ఫోన్‌లో వీడియో కాన్ఫరెన్స్ లింకు పంపుతారు. ఇల్లిల్లూ తిరుగుతూ, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, సంచిలో ఫోన్ మోగుతుండగా హాజరు వేయించుకునే పాఠం అది.

ఇంకా బాధ కలిగించేది పాఠాల విషయం. తీరా చెప్పేది ఏమిటని చూస్తే, ఏ యాప్‌లో ఏ గడి నింపాలో, ఏ నంబరు ఎక్కించకపోతే పారితోషికం ఆగుతుందో చెబుతారు. బీపీ, షుగర్ సర్వేకు ఒక యాప్. టీకాలకు మరొకటి. గర్భిణుల వివరాలకు ఇంకొకటి. రోగిని చూడటం నేర్పాల్సిన గంటలను స్క్రీన్ చూడటం నేర్పడానికి ఖర్చుపెడుతున్నారు. ప్రభుత్వానికి సమాచారం కావాలి, నిజమే. కానీ తప్పుగా కొలిచిన బీపీని ఎంత గొప్ప యాప్‌లో ఎక్కించినా అది తప్పే. ఆ తప్పు కంప్యూటర్‌లో పడ్డాక గణాంకంగా మారి, పథకాలను కూడా తప్పుదారి పట్టిస్తుంది.

నైపుణ్యమంటే ఏమిటో దగ్గరగా చూద్దాం. కాన్పు ఆసుపత్రిలో అయితే ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆ ఇంటికి వెళ్లాలి. ఆరుసార్లు వెళ్తే 250 రూపాయలు. యాకుత్‌పురాలో రైలు పట్టాల పక్కన ఒక గది ఇల్లు. కిటికీ లేదు. మంచం మీద బాలింత, పక్కన గుడ్డలో చుట్టిన మూడో రోజు బిడ్డ. గదిలో అత్తగారు, ఇద్దరు పిల్లలు, మోగుతున్న టీవీ. ఆశా చేయాల్సింది బిడ్డ పొట్ట మీది గుడ్డ తొలగించి, చేతిలో గడియారం పట్టుకుని, పొట్ట లేచి పడటాన్ని నిండా ఒక్క నిమిషం లెక్కపెట్టడం. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే కుదరదు, ఎందుకంటే పసిబిడ్డ శ్వాస ఒకేలా నడవదు. మధ్యలో ఆగుతుంది, మళ్లీ వడివడిగా సాగుతుంది. బిడ్డ ఏడుస్తుంటే ఊరుకునేదాకా ఆగాలి. లెక్క 60 వచ్చినా, దాటినా మళ్లీ ఒకసారి లెక్కపెట్టాలి. రెండోసారీ అంతే ఉంటే అది ప్రమాద సూచన, ఆ క్షణమే బిడ్డను ఆసుపత్రికి పంపాలి. అప్పుడు అత్తగారిని ఒప్పించాలి. చలికి అలా ఊపిరి తీస్తున్నాడులే, రేపు చూద్దాంలే అనే ఆ పెద్దమనిషి ముందు గొంతు పెగుల్చుకుని, కాదమ్మా, ఇప్పుడే వెళ్లాలి అని నిలబడాలి. ఈ పనిని స్లైడ్ మీద ఎవరు నేర్పగలరు? బిడ్డల పక్కన కూర్చోబెట్టి, పదిమంది శ్వాసలు లెక్కపెట్టించి, తప్పు లెక్కపెట్టినప్పుడు సరిదిద్దితేనే వస్తుంది. ఆరు నెలలు చేయకపోతే ఆ చేయి మొద్దుబారుతుంది. అందుకే మళ్లీ మళ్లీ నేర్పాలి.

బీపీ సంగతీ అంతే. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, పాదాలు నేల మీద ఆనాలి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, పట్టీ నేరుగా చర్మం మీద చుట్టాలి. పాతబస్తీ ఆరోగ్య కేంద్రంలో బురఖా వేసుకున్న స్త్రీ వరుసలో నిలబడి నిలబడి బల్ల దగ్గరికి వస్తుంది. చుట్టూ మగవాళ్లు. చాటు చేసే పరదా ఉండదు. దాంతో పట్టీ బురఖా చేతి మీదే చుట్టేస్తారు. వచ్చిన అంకెను నమ్మి మందులు మొదలుపెడతారు, లేదా మొదలుపెట్టాల్సిన మందులు మానేస్తారు. రక్తపోటు నియంత్రణ కోసం 2017 నవంబరులో మొదలైన జాతీయ కార్యక్రమంలో తొలి రాష్ట్రాల జాబితాలోనే తెలంగాణ ఉంది. గర్వపడాల్సిన మాటే. మరి ఒక్క పరదా, ఐదు నిమిషాల కుర్చీ, సరిగ్గా కొలిచే చేయి, ఇవి లేకుండా ఏ కార్యక్రమమైనా ఎలా నడుస్తుంది? ఆ నర్సుకు చదువు చెప్పేవాడు ఆమె కేంద్రానికే వచ్చి, ఆ వరుసను, ఆ బల్లను చూసి చెప్పాలి. వెంగళరావునగర్‌లోని శిక్షణ సంస్థ హాల్లో ఈ బురఖా చేతి సమస్య ఎవరికీ తట్టదు.

భాష మాటకొద్దాం. పాతబస్తీలో పనిచేసే ఆశాల్లో చాలామందికి ఇంట్లో, గల్లీలో, బడిలో ఉన్నది ఉర్దూ. పుస్తకాలు తెలుగులో వస్తాయి, యాప్‌లు ఇంగ్లిష్‌లో, స్లైడ్లు సగం ఇంగ్లిష్‌లో. చదవలేని పుస్తకాన్ని సంచిలో మోసుకు తిరుగుతూ, పక్కామెను అడిగి ఫారం నింపుకునే మనిషిని అర్ధజ్ఞాని అని ఎగతాళి చేయడం పైవాళ్లకు అలవాటు. ఈ నగర చరిత్ర తెలిసినవాళ్లు ఆ ఎగతాళి చేయలేరు. 1846లో హైదరాబాద్‌లో వైద్య పాఠశాల పెట్టినప్పుడు పాఠాలు ఉర్దూలోనే చెప్పారు. 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం ప్రత్యేకంగా అనువాద శాఖ పెట్టి, సైన్సు, వైద్య గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. శరీర శాస్త్రాన్ని, శస్త్రచికిత్సను జనం భాషలో చెప్పవచ్చని దేశానికి చూపించిన నగరం ఇది. నూరేళ్ల తర్వాత, ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేస్తూ 2017లో శాసనసభ చట్టం చేశాక కూడా, పసిబిడ్డ ప్రమాద సూచనలను ఉర్దూలో నేర్పడానికి ఒక విభాగం నడపలేమంటే నేను నమ్మను. నేర్పాలన్న మనసు లేదు, అంతే. తెలుగు రాసేవాడిగా నా భాష మీద నాకు ఎనలేని ప్రేమ. ఆదిలాబాద్‌లో గోండు ఆశాకు గోండిలో చెప్పాలి, ఈదీబజార్ ఆశాకు ఉర్దూలో చెప్పాలి. అందులో తెలుగుకు వచ్చే లోటేమీ లేదు.

భాష తెలియకపోతే ఏం జరుగుతుందో టీకాల దగ్గర చూస్తున్నాం. డిఫ్తీరియా, మన పెద్దలు కంఠసర్పి అన్న జబ్బు, హైదరాబాద్‌ను ఏళ్ల తరబడి వదల్లేదు. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి దాన్ని చూసినంతగా దేశంలో మరే ఆసుపత్రీ చూసి ఉండకపోవచ్చు. 2003 నుంచి 2006 వరకు ఈ నగరంలో ఆ జబ్బు ఎందుకు కొనసాగిందని పరిశీలించిన అధ్యయనం వేలెత్తి చూపింది బూస్టర్ డోసుల లోటునే. మొదటి మూడు డోసులు వేయించిన తల్లి ఏడాదిన్నరకు రావాల్సిన డోసుకు, ఐదేళ్లకు రావాల్సిన డోసుకు ఎందుకు రాదు? మొదటిసారి వచ్చిన జ్వరానికి భయపడి ఉంటుంది. ఇల్లు మారి ఉంటుంది. వాట్సాప్‌లో ఏదో విని ఉంటుంది. 2017 ఆగస్టులో మీజిల్స్-రుబెల్లా టీకా కార్యక్రమం మొదలైనప్పుడు ఎన్ని పుకార్లు పుట్టాయో ఈ బస్తీలను అడగండి. పుకారును పోస్టర్‌తో కొట్టలేం. గడపలో కూర్చుని, ఆ తల్లి భయాన్ని మొదట పూర్తిగా విని, ఆమె మాటల్లోనే జవాబు చెప్పగలగాలి. దానికి తర్ఫీదు కావాలి. సూది వేయడం ఎంత నైపుణ్యమో, సూది ఎందుకో చెప్పడం అంతకు తక్కువ నైపుణ్యమేమీ కాదు. మన శిక్షణల్లో దానికి దక్కేది ఒక్క స్లైడ్.

చేతకాదని అనుకోవడానికి వీల్లేదు. చేసి చూపించారు కూడా. 2016లో నగరంలోని మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన టైప్-2 పోలియో వైరస్ దొరికింది. అంతకుముందు ఏప్రిల్‌లోనే దేశమంతా ఆ రకం చుక్కల మందును ఆపేసింది. అప్పటికి ప్రపంచమంతటా ఇంజెక్షన్ టీకా కొరత. దాంతో మామూలు మోతాదులో ఐదో వంతు, అంటే 0.1 మిల్లీలీటరు మాత్రమే, చర్మం పొరల్లోకి ఇవ్వాలని నిర్ణయించారు. చర్మం పొరల్లోకి ఇవ్వడం సున్నితమైన పని. సూది దాదాపు చర్మానికి సమాంతరంగా పోవాలి, చిన్న బొడిపె లేవాలి. కాస్త లోతుకు పోయినా మందు వృథా. మన ఏఎన్ఎంలకు బీసీజీ వేసిన అలవాటు ఉంది. ఆ అలవాటుకు సాన పట్టి, పెనుగులాడే మూడేళ్ల పిల్లల మీద కూడా తడబడకుండా వేయగలిగేలా తయారుచేసి, జూన్‌లో రంగంలోకి దింపారు. ఆరు వారాల నుంచి మూడేళ్ల వయసు పిల్లలు 3,11,064 మందికి టీకా పడింది. అనుకున్న లక్ష్యంలో 94 శాతం. పోలియో వైరస్‌ను ఎదుర్కోవడానికి ఈ పద్ధతిని ఇంత పెద్ద ఎత్తున వాడిన అనుభవంగా ప్రపంచ వైద్య పత్రికలు దీన్ని నమోదు చేశాయి. అదే ఏఎన్ఎంలు, అవే గల్లీలు, అదే శాఖ. ఢిల్లీ, జెనీవా చూస్తున్నాయంటే రోజుల్లో నేర్పగలిగిన శాఖకు, ఎవరూ చూడని మామూలు బుధవారం నాటి పనిని నేర్పడానికి తీరిక దొరకదు!

పక్క రాష్ట్రానికి వెళ్లినా ఇదే రుజువు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు ఊళ్లోని ఆడవాళ్లకే నవజాత శిశువు సంరక్షణ నేర్పారు. 39 గ్రామాల్లో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ ప్రచురించింది. ఇవాళ మన ఆశా చేస్తున్న ఇంటి సందర్శనకు మూలం అదే. అదే మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో 1970 నుంచి ఆరోలే దంపతులు అంతగా చదువులేని గ్రామీణ స్త్రీలను ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దారు. వాళ్లను ఒకసారి పిలిచి పాఠం చెప్పి వదిలేయలేదు. వారం వారం కూర్చోబెట్టారు. ఆ వారం ఊళ్లో ఏం జరిగింది, ఎవరికి జబ్బు చేసింది, మీరేం చేశారు, ఇంకేం చేయొచ్చు అని మాట్లాడించారు. మన ప్రభుత్వం గడ్చిరోలి నుంచి సందర్శనల జాబితాను తీసుకుంది. జామ్‌ఖేడ్ నుంచి కార్యకర్త అన్న ఆలోచన తీసుకుంది. ఈ రెండు చోట్లా ఫలితాన్నిచ్చిన అసలు పనిని, అంటే వదలకుండా వెంట ఉండి నేర్పడాన్ని మాత్రం అక్కడే వదిలేసి వచ్చింది.

డబ్బు లేదంటారు. ఆరోగ్య మిషన్ బడ్జెట్‌లో శిక్షణకు పద్దు ఉంది. ఆ డబ్బు హోటల్ హాళ్లకు, బ్యానర్లకు, ఫ్లెక్సీలకు పోవడం ఆపండి. వాళ్లే రారంటారు. ఆ రోజు పారితోషికం పోకుండా, బస్సు ఛార్జీ అదే సాయంత్రం చేతిలో పెట్టి పిలవండి. కోఠీకి, వెంగళరావునగర్‌కు రప్పించకుండా వాళ్ల కేంద్రంలోనే చెప్పండి. అప్పుడు రాకపోతే అడగండి. చదువుకోని వాళ్లకు ఇంతకన్నా ఏం నేర్పుతామంటారు. ఈ మాట అన్నవాళ్లు మురుగువాడల్లో మూడు లక్షల మంది పిల్లలకు చర్మం పొరల్లో టీకా వేసింది ఎవరో చెప్పాలి. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు అంతర్జాతీయ పురస్కారం ఇచ్చినప్పుడు అందరూ ట్వీట్లు పెట్టారు. అదే సంస్థ 2018లో ఆరోగ్య కార్యకర్తల గురించి ఇచ్చిన మార్గదర్శకాల్లో తగిన వేతనం, రాతపూర్వక ఒప్పందం, నేర్చుకున్న నైపుణ్యానికి ధ్రువీకరణ, ఎదుగుదలకు దారి ఉండాలని చెప్పింది. పురస్కారాన్ని స్వీకరించిన చేతులు ఆ మార్గదర్శకాల పుస్తకాన్ని మాత్రం తెరవలేదు.

2023లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద పనిచేస్తున్న రెండో ఏఎన్ఎంలను రెగ్యులర్ చేయమంటే, పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి పోటీ పరీక్ష రాయమన్నారు. ఆగస్టులో వాళ్లు సమ్మెకు దిగారు. ఆ తర్వాతి నెలలోనే ఆశాలు 18 వేల వేతనం కోసం రోడ్డెక్కారు. పదిహేనేళ్లు సూదులు వేసిన మనిషికి, కరోనా కాలంలో కంటైన్‌మెంట్ గల్లీల్లో ఇల్లిల్లూ తిరిగిన మనిషికి నువ్వేం నేర్చుకున్నావో పరీక్షిస్తామన్న ప్రభుత్వం, ఆ పదిహేనేళ్లలో తాను ఏం నేర్పిందో చెప్పలేదు. ఏటా క్రమంగా నేర్పి, ఏటా నైపుణ్యాన్ని పరీక్షించి, ఆ సర్టిఫికెట్లను రెగ్యులరైజేషన్‌లో లెక్కలోకి తీసుకుంటే ఆ పరీక్షా అక్కర్లేదు, ఆ సమ్మే అక్కర్లేదు. నేర్చుకున్న ఆశాకు ఏఎన్ఎం కోర్సులో సీటు, నేర్చుకున్న ఏఎన్ఎంకు సూపర్‌వైజర్ పదవి దక్కితే చదువు కోసం ఎవరినీ బతిమాలాల్సిన పని ఉండదు.

నేనడిగేది ఆకాశాన్ని కాదు. నెలకు ఒక రోజు మధ్యాహ్నం ఓపీ అయ్యాక ప్రతి పట్టణ ఆరోగ్య కేంద్రంలో డాక్టరు, ఫార్మసిస్టు, నర్సు, ఏఎన్ఎంలు, ఆశాలు ఒక్కచోట కూర్చోవాలి. ఆ నెల ఆ బస్తీలో జరిగిన ఒక మరణాన్ని, తప్పిపోయిన ఒక టీకాను, ఆలస్యమైన ఒక కాన్పును ముందు పెట్టుకుని ఎవరినీ నిందించకుండా మాట్లాడుకోవాలి. ఆశా మాట మొదట వినాలి, ఎందుకంటే ఇంట్లోకి వెళ్లి చూసింది ఆమే. మూడు నెలలకోసారి నీలోఫర్ నుంచి, పేట్లబురుజు నుంచి, ఫీవర్ ఆసుపత్రి నుంచి ఒక సీనియర్ నర్సు ఆ కేంద్రానికి వచ్చి, పక్కన నిలబడి పని చూసి, చేయి పట్టి సరిదిద్దాలి. డాక్టర్లు రావద్దని కాదు, కానీ నర్సు పని నర్సు నేర్పినట్టు ఇంకెవరూ నేర్పలేరు. బస్తీ దవాఖానా డాక్టరును ఏడాదిలో రెండు వారాలు ఉస్మానియా మెడిసిన్ వార్డుకు పంపి, ఆ రెండు వారాలు అక్కడి పీజీ విద్యార్థిని బస్తీకి పంపితే ఇద్దరూ నేర్చుకుంటారు. పాఠం ఉర్దూలోనూ తెలుగులోనూ ఉండాలి, రాయలేని వాళ్లకు బొమ్మల్లో, పాటలో, మాటలో ఉండాలి. చదువుకున్న ప్రతి గంటనూ పనిగంటగా లెక్కించి జీతం ఇవ్వాలి. నర్సుల 150 గంటలు ప్రభుత్వ ఖర్చుతోనే పూర్తి కావాలి.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు. జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి ఒక్క ఉత్తర్వుతో నెలవారీ సమావేశాన్ని రేపే మొదలుపెట్టవచ్చు. మొదలుపెట్టకపోతే, రేపు ఇంకో నాంపల్లి జరిగినప్పుడు సస్పెండ్ చేయాల్సిన వాళ్ల జాబితాలో మొదటి పేరు నర్సుది కాకూడదు.

పాతబస్తీ వాసులకు నా మాట ఇది. వచ్చే బుధవారం బిడ్డకు టీకా వేయించడానికి వెళ్లినప్పుడు ఏఎన్ఎంను మర్యాదగా ఒక ప్రశ్న అడగండి. మేడమ్, మీకు చివరిసారి ఎప్పుడు, ఏం నేర్పారు? ఆమె జవాబు చెప్పలేకపోతే ఆమె మీద గొంతు చించుకోకండి. ఆ ప్రశ్నను కాగితం మీద రాసి సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇవ్వండి, ఒక ప్రతి మీ ఎమ్మెల్యేకు ఇవ్వండి, రసీదు తీసుకోండి. దరఖాస్తు ఉర్దూలో రాసినా సరే, వాళ్లు తీసుకుని తీరాలి.